ఇంట్లో ఏమేం ఉన్నాయి?

(విజయవాడలో ఒక గ్రంథాలయం హాల్లో, రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్ ఒకరు, ఇంట్లో సామాను చూసి ఎవరు బీద, ఎవరు గొప్ప అని చెప్పొచ్చా అన్న విషయం మీద చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందాండీ? సరే. బాబూ, ఆ ఫ్యాను ఒక్క పాయింటు తగ్గించు. చాలు, చాలు.

ఫ్యాను ఎందుకు తగ్గించమన్నానంటే, నేను తెచ్చిన కాగితాల్లో ఒకదానికి యాభై ఏళ్ళు దాటాయి. మడతల దగ్గర చిరిగిపోతోంది. ఇది మా నాన్నగారి దస్తూరీ. 1974లో మా అక్కయ్య పెళ్ళికి మగపెళ్ళివారు అడిగినవన్నీ ఆయన రాసుకున్న చీటీ. చదువుతాను వినండి. "హెచ్ఎంటీ వాచీ 1. సైకిలు 1, డైనమోతో. ట్రాన్సిస్టరు 1, తోలు సంచీతో. కుట్టుమిషను, మాట్లాడవలె." ఆ "మాట్లాడవలె" కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. అంటే బేరం అక్కడ ఆగిందన్నమాట. (నవ్వులు)

వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. మా నాన్నగారికి చట్టమంటే గౌరవం. అందుకే ఈ కాగితం మీద కట్నం అన్న మాట ఎక్కడా కనపడదు. పైన "లాంఛనములు" అని ఉంది.

ఇంచుమించు అదే రోజుల్లో చైనాలో ఒక మాట ఉండేది. పెళ్ళి కావాలంటే ఇంట్లో "మూడు తిరిగేవి, ఒకటి మోగేది" ఉండాలి అని. తిరిగేవి ఏవి? సైకిలు, కుట్టుమిషను, చేతి గడియారం. మోగేది రేడియో. అక్కడ వాటిని సమకూర్చుకోవాల్సింది పెళ్ళికొడుకు, ఇక్కడ ఆడపిల్ల తండ్రి. ఆ తేడా ఉంది. జాబితా మాత్రం మక్కికి మక్కి ఇదే. మా నాన్నగారు చైనా పేరు పేపర్లో చదవడమే గానీ ఆ సామెత ఆయనకి ఎవరు చెబుతారు? పేద దేశంలో కాస్త చేతిలో డబ్బు ఆడే కుటుంబం మొదట ఏం కొంటుందో, అది బెజవాడైనా బీజింగైనా ఒకటే వరస. ఆ తర్వాత 1980ల్లో చైనా వాళ్ళ జాబితా మారింది: టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్. మన సారె సామానూ ఆ దారినే వెళ్ళింది, కొంచెం వెనకగా.

నేను ముప్ఫై నాలుగేళ్ళు క్లాసులో, ఆదాయాల్లో తేడాని కొలిచే జినీ గుణకం అని బోర్డు మీద విల్లులాంటి గీత గీసి చెప్పాను. పిల్లలు ఆవులించారు. వాళ్ళ తప్పేం లేదు. ఈ చీటీ పట్టుకుని వెళ్ళి ఉంటే వినేవాళ్ళేమో అని రిటైరయ్యాక తట్టింది.

మా పుస్తకాల్లో వీటిని మన్నికగల వినియోగ వస్తువులు అంటారు. ఇంట్లో మనం అనే మాట సామాను. బియ్యం, పప్పు, నూనె ఈ నెల తెస్తే ఈ నెల అయిపోతాయి. సామాను అలా కాదు, కొన్న రోజున డబ్బు పోతుంది, పని మాత్రం పదేళ్ళు చేస్తుంది. ఈ ఒక్క లక్షణం వల్లే ఎవరు బీద, ఎవరు గొప్ప అన్న లెక్క తారుమారవుతుంది. మనకి తెలిసిన సంగతే పెట్టి చెబుతాను. వేసవిలో ఏలూరు కాలువ, బందరు కాలువ కట్టేస్తారు కదా. కట్టేసేముందు ఊళ్ళ చెరువులు నింపుకోమంటారు. కాలువలో పారేది ఆదాయం. చెరువులో నిలిచేది సామాను. కాలువ కట్టేసిన మర్నాడు వచ్చి చెరువు చూసినవాడు, ఆహా, ఈ ఊరికి నీళ్ళకేం కొదవ లేదు అనుకుంటాడు.

రష్యాలో అచ్చం ఇదే జరిగింది. సోవియట్ కాలం చివరికొచ్చేసరికి అక్కడ దాదాపు ప్రతి ఇంట్లో ఫ్రిజ్ ఉంది, టీవీ ఉంది. కారు కావాలంటే ఏళ్ళ తరబడి క్యూ. 1992 జనవరి 2న ధరల మీద కట్టడి ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు ఇరవై ఐదు రెట్లకి పైగా పెరిగాయి. బ్యాంకులో కారు కోసం దాచుకున్న డబ్బు, చివరికి ఒక జత బూట్లకి కూడా చాలని స్థితి. జినీ గుణకం, నేను బోర్డు మీద గీత గీసి చెప్పానన్నానే అదే, సున్నా అయితే అందరూ సమానం, ఒకటైతే ఉన్నదంతా ఒక్కడిదే, 1991లో 0.26 ఉన్నది 1994కల్లా 0.40 దాటింది. మూడేళ్ళలో! మామూలుగా దేశాల్లో ఈ అంకె కదలాలంటే తరం పడుతుంది. అదే సమయంలో మీరు ఇంటింటికీ వెళ్ళి ఫ్రిజ్ ఉందా అని అడిగి ఉంటే? ఉంది. టీవీ? ఉంది. అంతా సమానమే. ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే తప్ప తేడా తెలియదు. అందుకని మార్పు కాలంలో, అంటే ఒక ఆర్థిక వ్యవస్థ ఒక పద్ధతి వదిలి ఇంకో పద్ధతిలోకి వెళ్ళే కాలంలో, సామాను పాత రోజుల సంగతి చెబుతుంది. ఇవాళ్టిది చెప్పదు.

చైనాలో తేడా పల్లెకీ పట్నానికీ మధ్య వచ్చింది. 1990లో నూరు పట్నపు ఇళ్ళకి 59 దాకా కలర్ టీవీలుంటే, నూరు పల్లె ఇళ్ళకి అయిదు కూడా లేవు. తర్వాత 2009లో పల్లెవాళ్ళు టీవీలూ ఫ్రిజ్‌లూ కొంటే 13 శాతం సబ్సిడీ దేశమంతా ఇచ్చారు. ఎగుమతులు పడిపోయి ఫ్యాక్టరీల్లో సరుకు పేరుకుపోయింది, అందుకని పల్లె గుర్తొచ్చింది. అది వేరే కథ, వదిలేద్దాం.

మన దగ్గరికి వద్దాం. మన మార్పుకి తేదీ 1991 జులై అని చెప్పుకుంటాం, పీవీ గారు ప్రధాని, మన్మోహన్ సింగ్ గారు ఆర్థికమంత్రి. దానికి ముందు మన ఇళ్ళల్లో సామాను ఎలా ఉండేదో కుర్రవాళ్ళకి చెప్పినా నమ్మరు. రేడియోకి లైసెన్సు, పోస్టాఫీసుకి వెళ్ళి ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యదాకా ఉండింది అది. నా పెళ్ళికి మా మామగారు బజాజ్ స్కూటరు ఇస్తానన్నారు. మాట తప్పే మనిషి కాదు, వెంటనే బుక్ చేశారు. స్కూటరు వచ్చేసరికి దాని ముందు నిలబడి ఫొటో దిగడానికి మా పెద్దమ్మాయి కూడా ఉంది. (నవ్వులు) డబ్బున్నవాడు ఏం చేసేవాడు? అలాట్‌మెంట్ వచ్చినవాడి దగ్గర పైన ప్రీమియం ఇచ్చి కొనుక్కునేవాడు. అంటే అసమానత అప్పుడూ ఉంది. కాకపోతే అది ధరలో ఉండేది కాదు, క్యూలో ఉండేది. నీ ముందు ఎంతమంది ఉన్నారు, నీకు తెలిసినవాళ్ళు ఎవరున్నారు అన్నదాంట్లో.

ఇంకో చోట కూడా ఉండేది. ఇది ఏ సర్వేకీ దొరకదు. 1983లో మేం కృష్ణలంకలో అద్దెకుండేవాళ్ళం. మా అమ్మకి షుగరు, ఇన్సులిన్ సీసా చల్లగా ఉండాలి. వీధి మొత్తానికి ఒకటే ఫ్రిజ్, హైదరాబాదు ఆల్విన్‌ది, పై వాటాలో ఇంజనీరు గారింట్లో. అమ్మ సీసా వాళ్ళ ఫ్రిజ్ తలుపులో కోడిగుడ్ల పక్క గుంటలో పెట్టేవాళ్ళం. రోజూ పొద్దున్నే నేను మెట్లెక్కి వెళ్ళి తెచ్చి, సూది వేయించి, మళ్ళీ పైకి వెళ్ళి పెట్టి రావాలి. వాళ్ళు ఊరికి వెళితే మట్టికుండ, తడి ఇసుక. మంచి మనుషులు, ఏ ఒక్క రోజూ విసుక్కోలేదు. కానీ వాళ్ళింట్లో పేరంటానికి పిలిస్తే మా అమ్మ వెళ్ళి గుమ్మం పక్కన కూర్చునేది. లోపలికి రండి వదినగారూ అని ఆవిడ పిలిచినా సరే. ఎందుకమ్మా అని అడిగితే, "వాళ్ళ ఫ్రిజ్ వాడుకుంటున్నాం కదరా" అంది. ఇవాళ్టికీ ఫ్రిజ్ అంటే నాకు గుర్తొచ్చేది ఆ గుమ్మమే.

సరే, తర్వాత ఏమైంది? అంకెలు కొన్ని చెబుతాను, రాసుకోనక్కర్లేదు. 2001 జనగణనలో దేశంలో నూటికి 31.6 ఇళ్ళల్లో టీవీ ఉంది, 2011లో 47.2. స్కూటరో మోటారు సైకిలో ఉన్న ఇళ్ళు 11.7 నుంచి 21కి పెరిగాయి. ఫోను 9.1 నుంచి 63.2కి. కారు 2.5 నుంచి 4.7కి. రేడియో తగ్గింది, 35 నుంచి 20కి. మా అక్కయ్య తోలు సంచీ ట్రాన్సిస్టరుకి అక్కడితో కాలం తీరింది. ఇంకో అంకె ఉంది, అందరూ దాటేసి వెళ్ళిపోతారు దాన్ని. రేడియో, టీవీ, కంప్యూటరు, ఫోను, సైకిలు, స్కూటరు, కారు, ఈ జాబితాలో ఒక్కటి కూడా లేని ఇళ్ళు 2001లో నూటికి 34.5. 2011లో 17.8. సగానికి సగం తగ్గాయి, సంతోషమే. కానీ పదేళ్ళ వృద్ధి తర్వాత కూడా దాదాపు ప్రతి ఆరో ఇంట్లో వీటిలో ఒక్కటీ లేదు, సైకిలు కూడా. అదే 2011లో ఫోను ఉన్న ఇళ్ళు 63 అయితే, ఆవరణలో మరుగుదొడ్డి ఉన్నవి 47. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి చాలా ఏళ్ళపాటు ఈ అంకెలతోనే కాలక్షేపం చేశాం.

జనగణన ఉందా లేదా అని అడుగుతుంది. ఎప్పటిది, ఎవరు వాడి ఇచ్చింది, పనిచేస్తుందా, బాకీ ఎంత, ఇవేవీ అడగదు. మా ఇంట్లో డబ్బా టీవీ తీసేసి గోడకి పెట్టేది కొన్నాం. డబ్బా టీవీ వాచ్‌మన్ ఇంటికి వెళ్ళింది. అతని పాత టీవీ వాళ్ళ ఊరికి. లెక్కలో మా ఇద్దరికీ టీవీ ఉంది, ఇద్దరికీ తలా ఒక టిక్కు.

ఖర్చుల సర్వే ఉంది కదా, అది మేలు కాదా అంటారేమో. దానిదింకో తంటా. ఈ ఏడాది ఏం కొన్నావు అని అడుగుతుంది. పోయిన నెల అప్పు చేసి ఫ్రిజ్ కొన్న కూలీ మనిషి ఆ ఏడాది మహారాజులా కనిపిస్తాడు. పదేళ్ళ నుంచి ఏసీలో పడుకునే నాబోటివాడి పేర ఏమీ పడదు. 2022-23 ఖర్చుల సర్వేలో మన్నిక సామానుకి విడిగా ఒక ప్రశ్నపత్రం పెట్టుకుని వెళ్ళారు, మంచి పనే. అంతకుముందులా ఇంటికి ఒకేసారి వెళ్ళి మూడొందల ప్రశ్నలడిగితే పాపం ఎవరు మాత్రం సరిగ్గా చెబుతారు.

(సభలో నుంచి ఒక మహిళ: సార్, వాషింగ్ మెషీన్ సంగతి చెప్పలేదు మీరు.)

చెబుతానమ్మా, మంచి ప్రశ్న. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు చక్రాల బండి ఉన్న ఇళ్ళు దేశంలో ఇంచుమించు సగం. ఫ్రిజ్ 38 శాతం. వాషింగ్ మెషీన్ ఉన్న ఇళ్ళు, బండి ఉన్న ఇళ్ళల్లో సగం కూడా లేవు. బండి ఎవరు నడుపుతారు, బట్టలు ఎవరు ఉతుకుతారు అని అడిగితే జవాబు అక్కడే ఉంది. సామాను ఇంట్లోకి ఏ వరసలో వస్తుందో చూస్తే ఆ ఇంట్లో ఎవరి నడుం నొప్పికి విలువుందో తెలిసిపోతుంది.

(అదే మహిళ: మా ఇంట్లో మూడో బండి మారింది సార్, మెషీన్ ఇంకా రాలేదు.)

వారు కూడా వచ్చారామ్మా? రాలేదా. అయితే ధైర్యంగానే చెప్పారు. (నవ్వులు)

ఇక క్యూ పోయి ఏం వచ్చిందీ? వాయిదా వచ్చింది. వాయిదాలు మనకి కొత్త కాదు. చీటీ పాడి బీరువా కొన్నవాళ్ళం, పాత బట్టలకి స్టీలు గిన్నెలు తీసుకున్నవాళ్ళం. కానీ చీటీలో మన డబ్బు ముందు, సామాను తర్వాత. ఈఎంఐలో సామాను ముందు. బీసెంట్ రోడ్డులో నడుస్తుంటే ప్రతి షాపు మీదా సున్నా వడ్డీ అని రాసి ఉంటుంది. సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులకి రాసింది. ప్రాసెసింగ్ ఫీజు అంటారు, రొక్కానికి ఇచ్చే డిస్కౌంటు మనకి ఎగ్గొడతారు, వడ్డీ అలా మారువేషంలో వస్తుంది. నేను వాయిదాలకి వ్యతిరేకిని కాను. మా మామగారి రోజుల్లో ఇలా క్యూ లేకుండా వాయిదా మీద దొరికి ఉంటే స్కూటరు పెళ్ళినాటికే వచ్చేది. చెప్పొచ్చేదేమంటే, ఒకే కంపెనీ, ఒకే మోడలు ఫ్రిజ్ రెండు ఇళ్ళల్లో ఉంది. ఒక ఇంట్లో అది ఆస్తి, ఇంకో ఇంట్లో అప్పు. సర్వేలో రెండూ ఫ్రిజ్‌లే.

ఆ తేడా మన కళ్ళెదుట బయటపడ్డ రోజు ఒకటుంది. 2024 సెప్టెంబరు 1. బుడమేరు వాగు వరద. ఇక్కడ సింగ్‌నగర్ వాళ్ళెవరైనా ఉన్నారా? ఉన్నారు. మీకు నేను చెప్పేదేముంది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఉండేది అక్కడే, కింది వాటాలో అద్దెకి. నీళ్ళు స్విచ్ బోర్డుల పైకి వచ్చాయి. పిల్లల్ని తీసుకుని మేడెక్కారు. నీళ్ళు తీశాక ఇంటికి వెళితే తలుపు తెరుచుకోదు. ఎంత తోసినా రాదు. ఫ్రిజ్ తేలి, నీళ్ళు దిగుతుంటే దిగుతూ దిగుతూ తలుపుకి అడ్డంగా పడుకుంది లోపల. కిటికీ చువ్వలు వంచి కుర్రాణ్ణి లోపలికి దింపి దాన్ని జరిపించారట. నేను తర్వాత చూడ్డానికి వెళ్ళాను. వీధి పొడుగునా బురద పూసుకున్న ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, మంచాలు, టీవీలు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ బీరువాలు. మా నాన్నగారి చీటీ దగ్గర నుంచి ఇవాళ్టిదాకా ఇంతసేపు నేను చెప్పిన సామానంతా ఆ వీధిలో ఉంది. పాత ఇనుప సామాను కొనేవాళ్ళు తూకం తెచ్చుకున్నారు. కిలోల లెక్కన పోయింది.

ఆ అమ్మాయి ఫ్రిజ్‌కి పన్నెండు వాయిదాలు. ఐదు కట్టింది, ఏడున్నాయి. సెప్టెంబరు వాయిదా బ్యాంకులో డబ్బు లేక బౌన్సయింది, దానికి జరిమానా. ఆ వారం ఆమెకి వచ్చిన మొదటి ఫోను బంధువులది కాదు, ఆ వాయిదా తాలూకు మనిషిది. ప్రభుత్వం కింది వాటా మునిగిన ఇంటికి 25,000, పై వాటాలకి 10,000 ఇచ్చింది. ఇచ్చింది, కాదనను. వాళ్ళింట్లో అది గ్యాసు పొయ్యికి, పరుపులకి, పిల్లల పుస్తకాలకి, పాత వాయిదాకి పోయింది. అదే వీధి చివర మేడలో మా పాత విద్యార్థి ఒకతను ఉంటాడు. అతని కారూ మునిగింది. ఇన్సూరెన్స్ ఉంది. రెండు నెలలు తిరిగాడు, తిట్టుకున్నాడు, కారు తెచ్చుకున్నాడు. అతని ఇంట్లో ఫ్రిజ్ మొదటి అంతస్తులో ఉంది, దానికి నీటి చుక్క తగల్లేదు. ఆగస్టు 31న ఎవరైనా సర్వేకి వచ్చి ఉంటే ఫ్రిజ్ దగ్గర ఈ రెండు ఇళ్ళకీ ఒకే మార్కు పడేది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను, టీ వచ్చినట్టుంది. మన దేశంలో సామాను లెక్క పెట్టడం పరిశోధన కోసమే కాదు, కార్డు కోసం కూడా. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో పల్లెల్లో ఫ్రిజ్ ఉంటే, రెండు చక్రాల మోటారు బండి ఉంటే, ల్యాండ్‌లైను ఉంటే పేదల జాబితాలోంచి తీసేయమన్నారు. ఊళ్ళో పాత ఫ్రిజ్‌ని వరండాలో గోనెపట్టా కప్పి దాచిన ఇల్లు నేను చూశాను. 2024లో కేంద్రం గ్రామీణ ఇళ్ళ పథకానికి ఆ మూడు అడ్డంకులూ ఎత్తేసింది. మన రాష్ట్రంలోనైతే రేషను కార్డుకీ పింఛనుకీ అందరికీ కంఠతా వచ్చిన అంకె, నెలకి సగటున 300 యూనిట్ల కరెంటు దాటకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఉమ్మడి కుటుంబం, ఒకే మీటరు, రెండు ఫ్రిజ్‌లు, పెద్దాయనకి ఉక్కపోతని ఒక పాత ఏసీ. యూనిట్లు దాటితే ముసలావిడ పింఛనుకి ముప్పు. అందుకని మే నెలలో ఏసీ ఆపుకుని మీటరు రీడింగు చూసుకునే ఇళ్ళున్నాయి ఈ ఊళ్ళో. ఏసీ ఉంది, ఉక్కపోతా ఉంది.

మా ఇంట్లో పనిచేసే ఆ అమ్మాయి ఫ్రిజ్ బాగుపడలేదు. మెకానిక్ వచ్చి చూసి, గోడల మధ్య పఫ్‌లోకి, అంటే చల్లదనం నిలిపే ఫోమ్‌లోకి, బురద నీళ్ళు వెళ్ళాయి, లాభం లేదన్నాడు. కిలోల లెక్కన అమ్మడానికి ఆమెకి మనసొప్పలేదు, ఇంకా వాయిదాలు కడుతోంది కదా. కడిగి, ఎండబెట్టి, లోపల అరల్లో పిల్లల బట్టలు సర్దింది. కోడిగుడ్ల గుంటల్లో దువ్వెన, పౌడరు డబ్బా. పై గదిలో, అంటే ఐసు గదిలో, రేషను కార్డు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచీలో చుట్టి పెట్టింది. తలుపు గట్టిగా పడుతుంది, ఎలకలు రావు, బీరువా కంటే నయం సార్ అంది.

మొన్నామధ్య ఎవరో ఇంటింటికీ సర్వేకి వచ్చారట. ఫ్రిజ్ ఉందా అమ్మా అని గుమ్మంలోంచే అడిగారట. అది ఎదురుగా కనపడుతూనే ఉంది. మర్నాడు అంట్లు తోముతూ నన్నడిగింది, "ఉందని రాయించాను సార్. లేదని చెప్పాల్సిందా?"